ఏడు మలుపుల కనుమలో ఎక్కేవాడి దారి

1987వ సంవత్సరం జూన్ నాలుగో తేదీ, గురువారం. రోహిణి కార్తె పోవడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. తెల్లవారేసరికే ఆకు కదలడం మానేసింది. పదింటికి పడమటి గాలి మొదలై చెవుల్లో వేడి ఆవిరి ఊదింది. మధ్యాహ్నం రెండింటికి నైరుతి మూల నుంచి ఒక మబ్బు, తడిసిన గోనెసంచి రంగులో, కొండ భుజం మీదికి ఎక్కి కూర్చుంది.

జంతువుల కథకి తేదీ ఎందుకని అడుగుతారేమో. ఆ రోజు నేను కొండ మీది ఘాట్ రోడ్డులో బస్సులో ఉన్నాను. ఎక్కుతున్న మా బస్సుకీ, దిగుతున్న ఒక లారీకీ మధ్య నువ్వు తప్పుకో అంటే నువ్వు తప్పుకో అని రెండు గంటల పది నిమిషాలు వాదన జరిగింది. ఇద్దరు డ్రైవర్లూ ఒకరి వంశాన్నొకరు తవ్వుకుంటూ ఉంటే, నేను కిటికీలోంచి కింది లోయలోకి చూస్తూ కూర్చున్నాను. మన తారు రోడ్డు కంటే పాతదైన దారి ఒకటి ఆ లోయలో ఉంది. ఒకప్పుడు మనుషుల బండ్లు నడిచేవి. తారు రోడ్డు పడ్డాక మనుషులు దాన్ని వదిలేశారు, జంతువులు తీసుకున్నాయి. ఆ రోజు అక్కడేం జరిగిందో చెబుతాను. బస్సు సంగతి చెప్పుకోవడానికేమీ లేదు.

ఆ దారిని ఏడు మలుపుల కనుమ అంటారు. కింద వాగు, పైన గడ్డి మైదానం, మధ్యలో ఏడు మలుపులు. ఒక పక్క కొండ, ఒక పక్క అగాధం. ఒక బండి ఉంటే ఇంకో బండి పట్టదు. మలుపు మలుపుకీ మాత్రం కొండని కాస్త తొలిచి, ఒక బండి పక్కకి ఒదిగి నిలబడేంత చోటు ఉంచారు. ఈ దారికి పెద్ద, గంటలవ్వ అనే ముసలి ఏనుగు. మెడలో ఇత్తడి గంట కట్టుకుని నాలుగో మలుపులో ఉండేది. కనుమలో ఉన్నది ఒకటే రూలు, అది ఆమె పెట్టిందే: ఎక్కేవాడు ఆగకూడదు, దిగేవాడే పక్కన ఆగి దారి ఇవ్వాలి.

ఈ రూలు ఊరికే పుట్టలేదు. చాలా ఏళ్ల కిందట గంటలవ్వ పెద్దకొడుకు దుంగల బండి లాక్కుంటూ ఐదో మలుపు ఎత్తు ఎక్కుతున్నాడు. పైనించి దిగే ఒక దున్న కోసం మర్యాదగా ఆగాడు. ఆగిన బండిని మళ్లీ కదిలించలేకపోయాడు. బండి వెనక్కి దొర్లింది, బండితో పాటే వాడూ వెళ్లాడు. ఆ మరుసటి రోజు నుంచే గంటలవ్వ అక్కడ నిలబడి, దిగేవాళ్లందర్నీ పక్కకి ఒదిగించడం మొదలుపెట్టింది.

నేను కాలేజీలో ఉన్న రోజుల్లో మా ఫిజిక్స్ లెక్చరర్ ఒక ఇటుకని బల్ల మీద పెట్టి తాడు కట్టి మా చేత లాగించేవాడు. కదిలేదాకా కష్టం, కదిలాక తేలిక, చూశారా అనేవాడు. చూశాం. పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది, నేను ఇటుక బొమ్మ చాలా బాగా వేసి మిగతాది వదిలేశాను. గంటలవ్వ ఏ కాలేజీకీ వెళ్లలేదు గానీ, ఆ పాఠం ఆమెకి నా కంటే బాగా వచ్చు.

ఇక కథలోకి వద్దాం. ఆ వేసవిలో పైన మైదానంలో ఊట ఎండిపోయింది. పైన దూడల దొడ్డిలో పధ్నాలుగు దూడలున్నాయి, వాగుకి దిగి రాలేనంత చిన్నవి. వాటికి నీళ్లు మోసేది కర్రెన్న అనే నల్లటి ఎద్దు. పొద్దున ఒక పీపా, సాయంత్రం ఒక పీపా. పొద్దుటి పీపా మధ్యాహ్నానికి అయిపోతుంది, సాయంత్రం పీపాతో రాత్రి గడుస్తుంది. ఒక్క పీపా తప్పితే దూడల సంగతి ఏమవుతుందో కర్రెన్నకి తెలుసు. ఆ వేసవి మొదట్లో ఒకసారి ఇరుసు విరిగి పీపా తప్పింది. దొడ్డిలో అప్పుడు పదిహేను దూడలుండేవి.

ఈ దారిలో రోజూ తిరిగే బండి ఇంకొకటి ఉంది. అది జంబులింగం అనే నక్కది. లాగేది బూడిదయ్య అనే గాడిద, కూర్చునేది జంబులింగం. పొద్దున పైనించి పనసపళ్లు వాగు గట్టు ఎలుగుబంట్లకి తెచ్చేవాడు. అక్కడి చౌడు నేలలో దొరికే ఉప్పు గడ్డలు మధ్యాహ్నం పైకి తీసుకెళ్లేవాడు. తారు రోడ్డు మీద ఏదో లారీ నుంచి ఊడి లోయలో పడ్డ ఇత్తడి హారన్ ఒకటి, రబ్బరు బంతి నొక్కితే మోగేది, జంబులింగానికి దొరికింది. అది దొరికిన నాటి నుంచి అతనికి ఎక్కడా ఆగాలనిపించడం మానేసింది.

ఆ గురువారం పొద్దున కర్రెన్న మొదటి పీపాతో ఐదో మలుపు ఎత్తు సగం ఎక్కాడు. పైనించి హారన్ వినిపించింది.

"పాం! పాం! పాం!"

ఐదో మలుపులో ఒదిగి నిలబడాల్సిన నక్క బండి, అక్కడ ఆగకుండా పది అడుగులు దాటి వచ్చి, కర్రెన్న ముక్కుకి ముక్కు ఆనించినంత దగ్గర నిలిచింది.

"ఏమోయ్ కర్రెన్నా, హారన్ వినపడలేదా? చెవుల్లో గడ్డి మొలిచిందా?" అన్నాడు జంబులింగం, బండి మీద లేచి నిలబడి.

"వినపడింది బావా. ఒదిగే చోటు నీ వెనక పది అడుగుల్లో ఉంది. నాకు అరవై అడుగుల కింద ఉంది. నువ్వే పోవాలి వెనక్కి."

"నేనెందుకు పోవాలి? ముందు హారన్ కొట్టింది నేను."

"నాకు హారన్ లేదుగా."

"అది నీ కర్మ. పనసపళ్లు ఎండకి పగులుతున్నాయి, కింద ఎలుగుబంట్లు కాచుక్కూర్చున్నాయి. వెనక్కి జరుగు."

"పండు పగిలితే వాసనొస్తుంది బావా. పీపా పగిలితే దూడలు పోతాయి."

బూడిదయ్య మెల్లిగా తల వెనక్కి తిప్పి, "దొరా, వెనక్కి నాలుగడుగులు వేసేస్తాను, గొడవ వదిలిపోద్ది," అన్నాడు.

"నోరు ముయ్యి! లాగేవాడివి లాగు. రూళ్లు మాట్లాడే పని నీకెవరిచ్చారు?"

బూడిదయ్య నోరు ముయ్యడమే కాదు, కళ్లు కూడా మూసుకున్నాడు.

కర్రెన్న నాలుగు కాళ్లూ ఎడంగా పెట్టి, తల కిందికి దించి, కాడిని మెడ మీద బిగబట్టి నిలబడ్డాడు. బరువు బండితో ఎత్తులో నిలబడటం మాటలు కాదు. మెడ నరాలు తాళ్లలా తేలాయి. జంబులింగం మూడుసార్లు హారన్ కొట్టాడు, రెండుసార్లు తిట్టాడు, ఒకసారి బతిమాలాడు, మళ్లీ తిట్టాడు. బండరాయి నీడ జానెడు జరిగింది. కర్రెన్న ఒక్క అంగుళం వెనక్కి రాలేదు.

"మొండివాడివి రా నువ్వు!"

"మొండితనం కాదు బావా. వెనక్కి వస్తే ఇక ఎక్కలేను. అంతే."

అప్పుడు కింది నుంచి గంట వినిపించింది. గంటలవ్వ వచ్చింది. రాగానే ముందు ఒక రాయిని తొండంతో దొర్లించి కర్రెన్న బండి చక్రం వెనక పెట్టింది. కర్రెన్న ఒక్క నిట్టూర్పు విడిచాడు.

"ఏం జరుగుతోందిరా ఇక్కడ?"

"ధర్మం అడుగుతున్నానవ్వా," అన్నాడు జంబులింగం, గొంతు మార్చి. "నువ్వు పెద్దదానివి. తొలకరి చినుకు పడగానే ఈ కనుమ ఎవరి చేతిలో పెట్టాలో చెప్పి, నది అడవికి వెళ్లిపోతానన్నావు. వెళ్లే ముందు ఈ ఒక్క రూలు సరిచెయ్యి. దిగే బండి వేగంగా వస్తుంది. వేగంగా వచ్చేవాణ్ణి ఆపడం ప్రమాదమా కాదా? ఎక్కేవాడు ఎలాగూ నత్తలా వస్తాడు. వాడు కాసేపు ఆగితే పోయేదేముంది? ఇంకో మాట. మూడేళ్లుగా రోజూ ఈ దారిలో తిరుగుతున్నాను, రోజూ ఎవడో ఒకడి కోసం నేనే ఆగుతున్నాను. నా కోసం ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు ఆగిన పాపాన పోలేదు!"

బూడిదయ్య ఏదో అనబోయి నోరు తెరిచాడు. ఇందాక తిన్న తిట్టు గుర్తొచ్చి మూసుకున్నాడు.

గంటలవ్వ నక్క వైపు తిరిగింది. "మరి నువ్వు ఎక్కేటప్పుడో?"

"ఎక్కేటప్పుడు దారి ఖాళీగా ఉంటుందవ్వా. పురుగు కూడా ఎదురు రాదు."

"పురుగు కూడానా?"

"ఒట్టు."

గంటలవ్వ తొండం చివర కాస్త వణికింది. నవ్వో, ముసలితనమో చెప్పలేం.

"సరే. ఈ పీపా పాత రూలులో ఎక్కడం మొదలెట్టింది, పాత రూలులోనే ఎక్కుతుంది. నువ్వు వెనక్కి జరిగి దారియ్యి. ఆ తర్వాత నుంచి పొద్దుగూకేదాకా నీ రూలు. దిగేవాడిదే దారి, ఎక్కేవాడు ఆగాలి. అడవంతా చాటిస్తాను. పొద్దుగూకాక ఏ రూలు నిలబడితే, దాన్నిబట్టి కనుమ ఎవరిదో చెబుతాను."

జంబులింగం మీసాలు లేచి నిలబడ్డాయి. కనుమ తనదే అయినట్టు అప్పుడే కొండ వంకా, లోయ వంకా ఒకసారి చూసుకున్నాడు. ఆ గీరలో పది అడుగులు వెనక్కి జరగడం కూడా చాలా దర్జాగా జరిగాడు.

కర్రెన్న మాత్రం కదల్లేదు. "అవ్వా, మరి నా సాయంత్రం పీపా?"

"రూలు అందరికీ ఒకటేరా. అడ్డం ఎవరొచ్చినా ఆగాలి."

కర్రెన్న పీపా వంక చూశాడు, ఎత్తు వంక చూశాడు. "ఆగుతానవ్వా. ఎంతసేపైనా ఆగుతాను. వెనక్కి మాత్రం రాను. రాత్రికి దూడలు నీళ్లు తాగుతాయి."

"అట్లా అన్నావు బాగుంది," అంది గంటలవ్వ. అని చక్రం కింది రాయి తీసి, బండి వెనక తన నుదురు ఆనించి కదిలేదాకా నెట్టింది.

ఇక్కడ తాబేలు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఆమె లేకపోతే ఈ కథ లేదు. మన చిన్నప్పటి నుంచి తాబేలు అనగానే పందెం అంటారు. నా అభిప్రాయంలో అది ఆ జాతికి జరిగిన అన్యాయం. నేనెరిగిన తాబేళ్లలో ఒక్కదానికీ పందేల మీద ఆసక్తి లేదు. ఈ కనుమ ఆరో మలుపులో ఉండే తాబేలు పెద్దమ్మకి ఆసక్తి ఒకటే: గురువారం వాగులో మునగడం. గురువారం బయల్దేరి దిగేది, మునిగేది, మిగతా వారమంతా ఎక్కేది. మళ్లీ గురువారానికి ఆరో మలుపులో ఉండేది. మా మేనత్త ఒకావిడ శనివారం శనివారం ఉపవాసం ఇంత నిష్ఠగానూ చేసేది. సరే, ఆవిడ సంగతి ఇప్పుడెందుకు.

మధ్యాహ్నం రెండు దాటాక జంబులింగం ఉప్పు గడ్డలు నింపుకుని వాగు గట్టున బయల్దేరాడు. పొద్దుటి గెలుపు సంబరంలో రెండు బుట్టలు అదనంగా వేయించాడు.

"దొరా, బరువెక్కువైంది," అన్నాడు బూడిదయ్య.

"కనుమ పెద్ద బండి ఆ మాత్రం నిండుగా ఉండకపోతే ఎలాగరా? పద. ఎక్కడా ఆగకు."

"రూలు మారింది కదా దొరా, ఎదురెవరైనా వస్తే..."

"ఎవరొస్తారు? మూడేళ్లలో ఎవడైనా వచ్చాడా?" అని జంబులింగం ఉప్పు బుట్టల మధ్య మెత్తటి చోటు చూసుకుని, హారన్ తల కింద పెట్టుకుని, రోజూ చేసే పనే చేశాడు. మొదటి మలుపు దాటక ముందే నిద్రపోయాడు.

ఒకటి దాటింది, రెండు దాటింది, నాలుగూ దాటింది. ఐదో మలుపు ఎత్తు మధ్యలో బండి ఆగిపోయింది. కుదుపుకి జంబులింగం లేచాడు.

"ఏంట్రా? వచ్చేశామా?"

"లేదు దొరా. ఆగాం."

"ఎందుకాగాం?"

"తాబేలు పెద్దమ్మ దిగుతోంది."

జంబులింగం కళ్లు నులుముకుని చూశాడు. దారికి నట్టనడుమ, కుడికీ ఎడమకీ సరిగ్గా సమానంగా, తాబేలు పెద్దమ్మ దిగుతోంది. ఆమె వెనక వరసగా మేకలు, పాతికకి పైన ఉంటాయి, వాటి ముందు మేకల పెద్ద కోటమ్మ. మేకల వెనక ముళ్లపంది కుటుంబం. ఆ వెనక ఇంకెవరెవరో, మలుపు తిరిగి కనపడటం లేదు. పైన ఊట ఎండిందని చెప్పానుగా. దాహం వేసినవాళ్లు, ఊట ఉన్న రోజుల్లో కొందరూ ఎండాక అందరూ, రోజూ ఆ వేళకే వాగుకి దిగుతారు.

"ఇదేంటి, ఇవాళ ఇంతమంది దిగుతున్నారు?"

"రోజూ దిగుతారు దొరా."

"రోజూనా? నేనెప్పుడూ చూళ్లేదే!"

"మీరు నిద్రలో ఉంటారు. వాళ్లంతా ఐదో మలుపులో ఒదిగి నిలబడతారు. మన బండి వెళ్లాక దిగుతారు. మీ నిద్ర చెడకూడదని మేకలు మెడగంటలు కూడా నోట కరుచుకునేవి."

జంబులింగం హారన్ తీశాడు. "పాం! పాం! పెద్దమ్మా, కాస్త పక్కకి!"

తాబేలు పెద్దమ్మ ఆగి, మెడ చాపి, చుట్టూ చూసింది. "ఎవరు నాయనా? జంబులింగమా? బాగున్నావా? మెలకువగా ఉండగా నిన్ను చూడటం ఇదే మొదలు."

"పెద్దమ్మా, తప్పుకో. బండి ఎత్తులో నిలిచిపోయింది."

"అదేంటి నాయనా, ఇవాళ దిగేవాళ్లదే దారని గంటలవ్వ చాటించింది. పెట్టింది నువ్వేనటగా, చల్లగా ఉండు. మూడేళ్లు ప్రతి గురువారం నీ బండి కోసం ఆ రాతి పక్కన కూర్చున్నాను. దారి నడుమ ఇంత వెడల్పుగా ఉంటుందని ఈ వయసులో తెలిసింది." అని ఒక అడుగు వేసింది. ఆలోచించుకుని ఇంకో అడుగు వేసింది.

"ఇలా అయితే పొద్దుగూకుతుంది!"

"గూకనీ నాయనా, నాకేం తొందర?"

"నాకు తొందర!"

వెనక నుంచి కోటమ్మ అంది: "తొందరైతే వెనక్కి జరగవయ్యా. ఒదిగే చోటు అరవై అడుగుల కిందే ఉంది. ఎక్కేవాడు కాసేపు ఆగితే పోయేదేముంది, అన్నావట?"

మేకలన్నీ ఒక్కసారి నవ్వాయి. మేకల నవ్వు మీరు విన్నారో లేదో, అది వినాల్సింది అవతలివాళ్ల మీద నవ్వినప్పుడే.

"వెనక్కి పోనియ్యరా," అన్నాడు జంబులింగం పళ్లు కొరుకుతూ.

"వెనక్కి కుదరదు దొరా. వెనక కర్రెన్న ఉన్నాడు."

జంబులింగం గిరుక్కున తిరిగాడు. బండి తోకకి రెండు మూరల కింద కర్రెన్న, సాయంత్రం పీపాతో, పొద్దున నిలబడ్డట్టే నాలుగు కాళ్లూ ఎడంగా పెట్టి నిలబడి ఉన్నాడు. అతనికీ దారి లేదు. తన చక్రం వెనక మాత్రం ఈసారి ముందు జాగ్రత్తగా రాయి పెట్టుకున్నాడు. పొద్దుటి పాఠం ఒక్కసారి చాలు అతనికి.

ఆ సమయానికే నైరుతి మబ్బు కొండ దాటింది. చల్లగాలి ఒక్క ఊపు ఊపింది. దానితో పాటు బూడిదయ్య ముందుకాళ్లు ఎండిన మట్టి మీద జారాయి. బండి జానెడు వెనక్కి దొర్లింది.

"పట్టుకోరా!"

"పట్టుకున్నా దొరా... పట్టడం లేదు... ఆ రెండు బుట్టలూ..."

ఇంకో జానెడు దొర్లింది. ఎడమ చక్రం అగాధం వైపు తిరిగింది. కింద రాళ్లు జారిన చప్పుడు వినిపించింది, అవి అడుగున పడిన చప్పుడు మాత్రం వినిపించలేదు. అంత లోతు.

కర్రెన్న కాడి దించుకుని ఒక్క అంగలో ముందుకొచ్చాడు. నక్క బండి తోక చెక్కకి నుదురు ఆనించాడు. బండి ఆగింది. అతని గిట్టలు మట్టిలోకి దిగబడ్డాయి.

"కర్రెన్నా! తోసెయ్యి నాయనా, పైకి తోసెయ్యి!"

"తోస్తే ఎక్కడికి బావా? ముందు పెద్దమ్మ ఉంది."

"ఆమెని తొలగమను!"

"నేనెలా చెబుతాను? ఇవాళ నీ రూలు. నువ్వే చెప్పాలి. త్వరగా చెప్పు, నేను ఒక్కణ్ణే పట్టుకున్నాను."

జంబులింగం ఉప్పు బుట్టల మీద నిలబడి కొండంతా వినపడేలా అరిచాడు. "పెద్దమ్మా! ఎక్కేవాడిదే దారి!"

"ఏమంటున్నావు నాయనా? గాలికి వినపడటం లేదు."

"ఎక్కేవాడిదే దారి! పాత రూలే మంచిది!"

"కాస్త గట్టిగా. ఎవరిది?"

"ఎక్కేవాడిది! ఎక్కేవాడిది! నాదే తప్పు, నీకు దణ్ణం పెడతాను, పక్కకి పో!"

"ఇప్పుడు వినపడింది," అంది తాబేలు పెద్దమ్మ. అని తిరగడం మొదలుపెట్టింది. ఆమె తిరగాలి, ఎక్కాలి, ఐదో మలుపు చోటుకి చేరాలి. ఆమె మనసులో దురుద్దేశం ఏమీ లేదు, ఆమెకున్న వేగం అదే. మేకలు మాత్రం చటుక్కున కొండ రాళ్ల మీదికి ఎగిరి దారి ఖాళీ చేశాయి. కోటమ్మ తన ఆడపిల్లల్ని పిలిచి రెండు రాళ్లు దొర్లించి బండి చక్రాల వెనక పెట్టించింది. అప్పటికి కర్రెన్న నుదుటి మీద చర్మం లేచిపోయింది.

తాబేలు పెద్దమ్మ ఇంకో మూడడుగులు ఉందనగా వాన పడింది.

తొలకరి వాన చినుకులతో మొదలవుతుందని అంటారు. ఆ రోజు అలా మొదలవలేదు, బిందెతో కుమ్మరించినట్టు మొదలైంది. ఉప్పు బుట్టల్లోంచి తెల్లటి ధారలు బయల్దేరాయి. జంబులింగం ఒక బుట్ట మీద పడుకున్నాడు, రెండో బుట్ట కరిగింది. రెండో బుట్ట మీదికి దొర్లాడు, మొదటిది కరిగింది. ఉప్పంతా కనుమ దారి మీదుగా కిందికి పోయింది. మేకలు రాళ్ల మీద నుంచి దిగి, పోయే నీళ్లని నాకి చూసి, బాగుందన్నాయి.

ఒక ప్రయోజనం ఉంది. బండి తేలికైంది. దారి ఖాళీ అవగానే బూడిదయ్య ఒక్కడే లాక్కుని ఐదో మలుపు చోటులో పెట్టేశాడు. కర్రెన్న వెనక్కి వెళ్లి కాడి ఎత్తుకున్నాడు. అతని మెడకి నురగ, నుదుటికి నెత్తురు.

జంబులింగం తడిసి సగమై, బండి మీద నుంచి అడిగాడు. "ఇంకా ఆ పీపా ఎందుకోయ్ లాగుతావు? వానొచ్చింది కదా!"

"వాన ఎంతసేపుంటుందో దూడలకి తెలీదు బావా. నేను వస్తానని తెలుసు," అన్నాడు కర్రెన్న. అని ఎక్కడం మొదలుపెట్టాడు. రాళ్ల మీద మేకలూ, చోటులో నక్క బండీ, రాతి పక్కన తాబేలు పెద్దమ్మా, అందరూ అతను దాటేదాకా నిలబడ్డారు. ఆ వాన పావుగంటలో వెలిసింది. ఊట మళ్లీ ఊరడానికి ఇంకో పన్నెండు రోజులు పట్టింది. ఆ సాయంత్రం పధ్నాలుగు దూడలూ పీపాలోంచే తాగాయి.

పొద్దుగూకే వేళ గంటలవ్వ అందర్నీ నాలుగో మలుపుకి పిలిచింది. జంబులింగం ముందు వరసలోనే కూర్చున్నాడు. ఆశ అంత తేలిగ్గా కరిగేది కాదు.

"అవ్వా, ఒక పొరపాటు జరిగింది, ఒప్పుకుంటాను. కానీ ఈ కనుమలో నా అంత తిరిగినవాడు ఎవడున్నాడు? రోజూ దిగుతాను, రోజూ ఎక్కుతాను. కర్రెన్న సంగతి చూడు, రూలేదో తెలుసు గానీ పీపా తప్ప లోకం తెలీదు."

"నువ్వన్నది నిజమే," అంది గంటలవ్వ. "కనుమ చూసుకోవాల్సింది, దాన్ని దిగడమూ ఎక్కడమూ రెండూ తెలిసినవాడు. కర్రెన్న బరువుతో ఎక్కుతాడు, ఖాళీగా దిగుతాడు. మేకలు అంచున పోతాయి. బరువుతో దిగి, బరువుతో ఎక్కి, రెండుసార్లూ మెలకువగా ఉన్నవాడు ఒక్కడే ఉన్నాడు." అని తొండం చాపి బూడిదయ్య భుజం మీద వేసింది. "పొద్దున నువ్వేదో అనబోయి మానేశావు. ఏంటిరా అది?"

బూడిదయ్య జంబులింగం వంక చూశాడు, అలవాటు కొద్దీ. తర్వాత గంటలవ్వ వంక చూశాడు.

"మన కోసం రోజూ ఆగుతూనే ఉన్నారని చెబుదామనుకున్నానవ్వా. వాళ్లు ఆగబట్టే మూడేళ్లు ఈ బండి పడకుండా ఎక్కిందని."

"ఇకమీదట అనాలనిపించింది అను. గట్టిగా అను," అంది గంటలవ్వ.

ఆ రాత్రే ఆమె నది అడవికి వెళ్లిపోయింది. అక్కడ ఆమె తల్లి ఎముకలున్నాయి.

మనం దారిన సుఖంగా వెళ్లామంటే, ఎవరో పక్కన ఆగారన్నమాట. అది చూడలేనివాడికి దారి అప్పగించకూడదు.

పంపకం ఇలా జరిగింది. ఏడు మలుపుల కనుమ పెద్దరికం బూడిదయ్యకి వచ్చింది. గంటలవ్వ మెడలోని ఇత్తడి గంట కర్రెన్నకి వచ్చింది, ఎక్కేవాడు వస్తున్నాడని దిగేవాళ్లకి ఒక మలుపు ముందే తెలియడానికి. చక్రాల కింద పెట్టే రాళ్లన్నీ కోటమ్మ మందకి వచ్చాయి, వాటితో పాటు అంచున మొలిచే గడ్డీ. ఐదో మలుపు రాతి నీడ తాబేలు పెద్దమ్మకి వచ్చింది, గురువారాలు కూర్చోవడానికి. దూడలకి ఏమీ రాలేదు, వాటికి నీళ్లు వచ్చాయి, చాలు. బండి జంబులింగానిదే గనక అతనికే ఉండిపోయింది, కానీ ఇప్పుడు దాన్ని అతనే లాగాలి. హారన్ కూడా ఉంది. రబ్బరు బంతిలోకి వాన నీళ్లు పోయి, నొక్కితే బుడబుడమంటుంది.

జంబులింగానికి ఏమీ రాలేదు.